సవరణ: డి విటమిన్‌కు ఏ వేళ ఎండ?

ఉదయం ఏడు గంటల లేత ఎండలో పావుగంట నడిస్తే డి విటమిన్‌కు సరిపోతుందని మొన్నటి పోస్టులో ఉంది. ఆ వాక్యాన్ని తీసేశాం. ఉదయం నడక ఒంటికి, నిద్రకు మంచిదే, మానకండి. కానీ చర్మంలో డి విటమిన్ తయారవ్వాలంటే అతినీలలోహిత కిరణాల్లో 'బి' రకం తగలాలి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ కిరణాలను గాలిపొరలు, ముఖ్యంగా ఓజోన్, చాలావరకు ఆపేస్తాయి. తిరుపతిలో జరిగిన పరిశోధనలోనూ పగలు 11 నుంచి 2 గంటల మధ్యే ఇది బాగా తయారవుతుందని తేలింది.

గడియారం కంటే మీ నీడను చూసుకోవడం సులువు. నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉంటే ఆ ఎండ పనికొస్తుంది. హైదరాబాద్‌లో మే నెలలో తొమ్మిది దాటితే చాలు, నీడ పొట్టిదవుతుంది. కాబట్టి వడగాలుల రోజుల్లో దయచేసి మిట్టమధ్యాహ్నం బయట నిలబడొద్దు. డిసెంబరులో మాత్రం పదకొండు దాకా ఆగాలి. ముఖం ఒక్కటే చాలదు, చేతులు, కాళ్లకూ ఎండ తగలాలి. మూసిన కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. చామనఛాయ, నల్లని చర్మానికి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి.

లండన్‌లో ఉన్న మన పిల్లలకు చలికాలపు ఎండ ఏ వేళలోనూ సరిపోదు. అక్కడ ఆ నెలల్లో రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోమంటారు.

ఇంకొకటి: 60,000 యూనిట్ల మాత్రలు రోజూ వేసుకునేవి కావు. డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టకండి, రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగొచ్చు.