పస్తు పెట్టి మనసును నిందించకండి

వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారే డైట్ చార్టు ఒకటి తీసుకోండి. లేవగానే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, చట్నీ వద్దు. పదకొండింటికి పల్చటి మజ్జిగ. మధ్యాహ్నం ఒక పుల్కా, కప్పు సొరకాయ కూర. సాయంత్రం నాలుగు బాదం గింజలు, చక్కెర లేని టీ. రాత్రి ఏడులోపు సూపు. చార్టు అడుగున మందపాటి అక్షరాల్లో, పట్టుదల ఉంటే చాలు, సాధించి తీరతారు అనే భరోసా. మొత్తం కూడితే వెయ్యి కేలరీలు కూడా దాటవు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దగా శారీరక శ్రమ లేని 55 కిలోల మహిళకు రోజుకు సుమారు 1,660 కేలరీలు, 46 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఈ చార్టులో ప్రొటీన్ అందులో సగానికైనా చేరదు.

ఇలాంటి చార్టు మీద రెండు వారాలు నెట్టుకొచ్చి, ఒక రాత్రి అందరూ పడుకున్నాక వంటింటి గట్టు దగ్గర నిలబడి పిల్లవాడు వదిలేసిన పెరుగన్నం, మూకుడులో మిగిలిన బంగాళాదుంప వేపుడు, డబ్బాలోని కారప్పూస వరసగా తినేసిన మనిషి మర్నాడు తనకు తానే వేసుకునే శిక్ష ఏమిటో ఆడవాళ్లందరికీ తెలుసు. ఇంకో పూట పస్తు. ట్రైనర్, భర్త, యూట్యూబ్ వక్త అందరూ ఆమెకు చెప్పేది ఒక్కటే: మైండ్‌సెట్ మార్చుకోవాలని. నేను ఒప్పుకోను. ఆమెకు కరువైంది తిండి. సంకల్పబలం కావలసినంత ఉంది, లేకపోతే ఆ చార్టుతో రెండు రోజులు కూడా గడిచేవి కావు.

ఇది జాలితో అంటున్న మాట కాదు. ఎనభై ఏళ్ల కిందటే ప్రయోగం చేసి చూసిన సంగతి. రెండో ప్రపంచ యుద్ధం చివరి దశలో, కరువు బారిన పడిన జనాన్ని తిరిగి ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులను ఎంచుకున్నారు. అందరూ ఆరోగ్యవంతులు. యుద్ధంలో మనుషులను చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోక, దేశమంతా వేలెత్తి చూపినా ఆ మాట మీదే నిలబడ్డవాళ్లు. సంకల్పబలం విషయంలో వాళ్లను శంకించే వీలే లేదు. 24 వారాల పాటు వాళ్లకు రోజుకు సగటున 1,570 కేలరీలు పెట్టారు, వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిపించారు. గమనించండి, పరిశోధకులు అర్ధాకలి అని పేరు పెట్టిన ఆ తిండి మన ఆడవాళ్ల చార్టు కన్నా ఎక్కువ.

ఏమైంది? వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంట పుస్తకాలు సేకరించి వంటకాల వివరాలు చదువుకునేవారు. ప్లేట్లు నాకేవారు. ఒక్కో పూట భోజనాన్ని దాదాపు రెండు గంటల దాకా సాగదీసి తినేవారు. చలి, చిరాకు, దిగులు. నవ్వడం తగ్గింది, ఆడవాళ్ల మీద ఆసక్తి పోయింది. కొందరు నియమం తప్పి దొంగచాటుగా తిన్నారు. ఒకతను గొడ్డలితో తన వేళ్లు నరుక్కున్నాడు. తరువాత ఆంక్షలు ఎత్తేసినప్పుడు కడుపు పట్టనంత తిన్నా ఆకలి తీరలేదని చెప్పినవాళ్లున్నారు. పోయిన బరువు తిరిగి వచ్చింది, అదీ కండ కన్నా ముందు కొవ్వు రూపంలో. మొండి మనుషులైన ఆ మగవాళ్లే అలా అయిపోతే, ఇంటెడు చాకిరీ చేస్తూ అంతకన్నా తక్కువ తిని, రాత్రి కారప్పూస డబ్బా తెరిచిన ఆవిడకు మనోనిబ్బరం మీద ఉపన్యాసం ఇవ్వడానికి మనకు నోరెలా వస్తోంది?

ఆ ప్రయోగం నడిపిన శాస్త్రవేత్త యాన్సెల్ కీస్. ఎత్తును, బరువును బట్టి మనిషిని కొలిచే సూత్రం పంతొమ్మిదో శతాబ్దపు బెల్జియం గణితవేత్త క్వెటెలేది అయినా, దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టి 1972లో చలామణిలోకి తెచ్చింది కీస్ బృందమే. ఆయన ఇచ్చిన కొలబద్దను ప్రపంచం నెత్తిన పెట్టుకుంది. ఆకలి గురించి ఆయన చెప్పింది గాలికి వదిలేసింది.

ఇక బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల సంగతి. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన మార్కెట్లోకి వచ్చాయి. పేగుల నుంచి మెదడుకు వెళ్లే ఆకలి సంకేతాల మీద అవి పనిచేస్తాయి. ఏళ్ల తరబడి తిండి గురించి మనసులో సాగే గోల సూది వేసుకున్న కొన్నాళ్లకే ఆగిపోయిందని వాడినవాళ్లు చెబుతున్నారు. వెగోవీలో ఉండే మందు ఆపేసిన వాళ్లను ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. మందుతో తగ్గి, మందు మానగానే తిరిగి వచ్చే ఆకలి మనిషి గుణదోషం ఎలా అవుతుంది? ఆ మందులు ఎవరికి మంచివి, ఎవరికి కావు అనేది డాక్టర్లు తేల్చాల్సిన విషయం. కానీ మైండ్‌సెట్ గురువుల దుకాణం మాత్రం వాటితో సగం మూతపడ్డట్టే.

తెలుగు ఇళ్లకు ఈ గురువులు కొత్త కాదు. మంతెన సత్యనారాయణరాజు చెప్పారని ఉప్పూ నూనే లేని కూరలు వండుకున్నాం. వీరమాచనేని రామకృష్ణ చెప్పారని అన్నం మానేసి కొబ్బరినూనె గ్రాముల లెక్కన తాగాం. ఖాదర్ వలీ చెప్పారని కొర్రలు, అండు కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు డబ్బాల్లో నింపాం. ఒకరు వద్దన్నది ఒకరు ముద్దన్నారు. వాటిలో మంచిచెడుల జోలికి ఇప్పుడు వెళ్లను. నాకు తట్టే ప్రశ్న వేరు. భర్తకు షుగరు వచ్చిందని తెలిసిన రోజు నుంచి ఆ ఇంట్లో కొర్రలు నానబెట్టేది ఎవరు? భార్య. మరి భార్య బరువు తగ్గాలనుకుంటే ఆమెకు గుడ్డు ఉడకబెట్టి, మొలకలు కట్టి, వేళకు చేతికందించేది ఎవరు? ఆమే. తన కోసం ఒకటి, మిగతావాళ్ల కోసం ఇంకొకటి వండి, అందరి పూరీలూ వేయించాక తన సూపు తాగాలి. ఈ పరీక్షలో తప్పితే మళ్లీ మనసు గట్టిది కాదనే మాట.

దీనికి ఎదురు వాదన ఉంది, అది తేలిగ్గా తీసేసేదీ కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. మనవాళ్లకు పొట్ట చుట్టూ కొవ్వు చేరితే షుగరు, గుండె జబ్బులు త్వరగా వస్తాయి. ఒంటిని ఉన్నదున్నట్టు ఒప్పుకోమంటే ఆ ముప్పును కూడా ఒప్పుకోమనడమే కదా అని డాక్టర్లు అడుగుతారు. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాల్సిందేనని నేనూ అంటాను. అయితే అదే సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని కూడా తేలింది. పొట్ట దగ్గర కొవ్వు, ఒంట్లో రక్తం లేకపోవడం ఒకే మనిషిలో కలిసి ఉండగలవు. అలాంటి మనిషికి ఇంకా తక్కువ తినమని చెప్పడం వైద్యం కాదు. సిగ్గుపరిస్తే జనం సన్నబడేటట్టయితే తెలుగు పేరంటాల్లో ఒక్కరికీ పొట్ట ఉండేది కాదు.

అలాగని అద్దం ముందు నిలబడి నిన్ను నువ్వు ప్రేమించుకో అని జపం చేయించే బాపతు స్వీకారం మీద కూడా నాకు నమ్మకం లేదు. అది చెప్పేవాళ్లే మరుసటి వీడియోలో నడుం సన్నబడే బెల్టు అమ్ముతారు. ఒళ్లు ఎలా కనిపిస్తోంది అన్న చోటే ఆ మాట ఆగిపోతుంది, ఒళ్లు ఏం చేయగలదు అన్న దాకా రాదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలు ఎత్తి. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె. మన పెళ్లిచూపుల లెక్కలో అదే 69 కిలోలకు అమ్మాయి కాస్త బొద్దు అన్న ముద్ర పడుతుంది. మరోవైపు, తెరపై వెలిగిన ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయారు, అంతకు కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకున్నారు. మరణానికి ఇదే కారణమని తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఆ వయసు స్త్రీని ఆ బల్ల దాకా నడిపించిన చూపులు మాత్రం మనవే.

బరువులు ఎత్తితే మగవాళ్లలా కండలు వస్తాయన్న భయం ఇప్పటికీ పోలేదు. కండలు పెంచే టెస్టోస్టిరాన్ హార్మోన్ తక్కువగా ఉండే ఆడవాళ్ల ఒంటికి అంత తేలిగ్గా రావు. నలభై దాటాక ఎముకకు, కండకు బలమిచ్చేది ఆ బరువులే. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటి శ్రమతో పాటు రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. రోజుకు ఇరవై రెండు నిమిషాలు. అది కూడా దొరకదా అని అడిగేవాళ్లుంటారు. అసలు విషయం ఇక్కడే ఉంది.

కేంద్రం చేసిన 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం లేని ఆ పని మీద రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. రెండింటికీ తేడా మూడు గంటల పైమాటే. 2022 నాటికి మన దేశంలో 57 శాతం మహిళలకు, 42 శాతం పురుషులకు చాలినంత శారీరక శ్రమ లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టింది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఏం అర్థమవుతుంది? రోజంతా నిలబడి అలసిపోయే మనిషికి గుండె వేగం పెంచే శ్రమ, కండ పెంచే శ్రమ లేవు. తన కోసం వేసే అడుగుకు తీరిక లేదు. బ్యాలెన్స్ పాటించు అని మహిళకు చెప్పే ప్రతి సలహాలోనూ ఆమె ఒక్కతే ఆ త్రాసు మోయాలి. రెండో పళ్లెంలో కూర్చున్నవాళ్ల పేరు ఎవరూ ఎత్తరు.

ఊరు కూడా ఆమెకు చోటివ్వదు. పట్టణాల పార్కుల్లో పసుపు, నీలం రంగుల ఓపెన్ జిమ్‌లు వెలిశాయి, సంతోషమే. తెల్లవారుజామున వెళ్లి చూడండి. చీర కుచ్చిళ్లు పైకి దోపి, కాళ్లకు క్యాన్వాస్ బూట్లు వేసుకున్న అరవై ఏళ్లావిడ కాళ్లు ఊపే యంత్రం ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి ఉంటుంది. దాని మీద ఇద్దరు కుర్రాళ్లు ఫోను చూసుకుంటూ ఊగుతుంటారు. దీపాలు సగం వెలగవు, మరుగుదొడ్డికి తాళం. ఇక ప్రైవేటు జిమ్‌లలో లేడీస్ టైమింగ్స్ అని మిట్టమధ్యాహ్నం ఇస్తారు, అంటే ఉద్యోగం చేసే ఆడవాళ్లు లెక్కలోనే లేరన్నమాట.

అందుకే బరువు తగ్గాలని వచ్చిన మహిళను డైటీషియన్ అయినా ట్రైనర్ అయినా త్రాసు ఎక్కించే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నారు? ఇంట్లో సాయంత్రం వంట ఎవరు చేస్తారు? ఆ జవాబులు మారకుండా చార్టు ఎన్నిసార్లు మార్చినా నెల తిరిగేసరికి కథ కారప్పూస డబ్బా దగ్గరికే వస్తుంది. భార్య ఆరోగ్యం గురించి నిజంగా బెంగ ఉన్న భర్త ఆమెకు ఫిట్‌నెస్ బ్యాండ్ కొనిపెట్టనక్కర్లేదు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా పొయ్యి దగ్గర తాను నిలబడితే చాలు. మొదటి నెల పప్పులో ఉప్పు ఎక్కువ తక్కువలు అవుతాయి, సర్దుకుని తినండి.