35 డిగ్రీల పూచీ

నిన్న జరిగిన సంగతి కనుక కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. మెడ మీద ఎండకు కమిలిన మంట అయితే అసలే దిగలేదు. నా ల్యాప్‌టాప్ కొని ఏడాది నిండడానికి తొమ్మిది రోజులు మిగిలి ఉండగా, దాని వారంటీని వాడుకోవాలా, లేక ఏమీ ఎరగనట్టు ఊరుకోవాలా అన్న మీమాంసలో పడి, చివరికి తిరుపతి నడివీధిలో నేను ఎలా నవ్వులపాలయ్యానో చెప్పుకుంటే గానీ ఈ మంట చల్లారేటట్టు లేదు.

ఆ యంత్రానికి ఉన్న అసలు జబ్బు ఏమిటంటే, అది పూర్తిగా పాడైపోలేదు. పాడైన వస్తువు విషయంలో మనిషికి సందేహం ఉండదు, సంచిలో వేసుకుని తీసుకుపోయి ఇచ్చి వస్తాడు. ఇది మాత్రం ఎండలు ముదిరినప్పటి నుంచి రోజుకు రెండు మూడు సార్లు దీపం ఊదినట్టు ఆరిపోయి, పది నిమిషాల తరవాత ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటోంది. చిన్న వ్యాపారుల లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం నా వృత్తి. నెలనెలా 20వ తేదీలోపు పంపవలసిన 3బి రిటర్నులో అంకెలన్నీ నింపి, ఖాతాదారుకు ఫోను చేసి, ఓటీపీ చెప్పమని అడిగి, ఆయన కళ్లజోడు వెతుక్కుని ఆరు అంకెలనూ ఒక్కొక్కటిగా చదువుతూ ఉంటే, నేను అయిదో అంకె కొట్టే సమయానికి తెర నల్లబడుతుంది. మళ్లీ ఫోను చేస్తే ఆయన, "ఇప్పుడే కదప్పా చెప్పినాను, ఎన్ని తూర్లు చెప్పాల?" అంటాడు. ఆ మనిషి దృష్టిలో తప్పు యంత్రానిది కాదు, నాది.

మా ఆవిడ మొదటి నుంచీ ఇచ్చేయమనే పక్షం. మా బావమరిది మాత్రం, "ఇస్తే మదర్‌బోర్డు మారుస్తారు బావా, ఆపైన అది 48 అంకెల కీ అడుగుతుంది, నీ దగ్గర ఉందా?" అని నా ధైర్యాన్ని మొదట్లోనే తుంచేశాడు. డిస్కులోని సమాచారానికి విండోస్ వేసే బిట్‌లాకర్ తాళానికీ, బోర్డు మీద ఉండే ఒక చిప్పుకూ ముడి ఉంటుందనీ, బోర్డు మారిస్తే ఆ తాళం సొంతదారును కూడా దొంగను చూసినట్టే చూస్తుందనీ అతను చెప్పాకనే నాకు తెలిసింది. ఆరు అంకెలు పూర్తిగా కొట్టే భాగ్యానికే నోచుకోని నాకు 48 అంకెల మాట వింటేనే కళ్లు తిరిగాయి. వీటన్నిటికీ మించి కాఫీ సంగతి ఒకటి ఉంది. సంక్రాంతి రోజుల్లో కీబోర్డు మీద అర గ్లాసు కాఫీ ఒలికిన విషయం నాకూ, మా ఆవిడకూ తప్ప మూడో కంటికి తెలియదు. ద్రవాలు పడిన యంత్రానికి వారంటీ చెల్లదని ఆ కాగితంలో చిన్న అక్షరాలలో రాసి ఉంది. విప్పి చూస్తే కాఫీ బయటపడుతుంది, విప్పకపోతే జబ్బు బయటపడదు. ఈ రెండింటి మధ్య ఆరు వారాలు ఊగిసలాడి, చివరికి ఇంట్లో పోరు పడలేక బయలుదేరాను.

రైల్వే స్టేషనుకూ ఆర్టీసీ బస్టాండుకూ నడుమ, ఒక లాడ్జి పక్కన మేడ మీద ఉన్న ఆ సర్వీసు కేంద్రంలో చలికి పళ్లు కొట్టుకునేటంత ఏసీ వేసి ఉంచారు. కుర్రవాడు మర్యాదస్తుడే. ఏవో పరీక్షలు పెట్టాడు. ఇంట్లో పది నిమిషాలు నిలకడగా ఉండని నా ల్యాప్‌టాప్, అత్తగారింట్లో కొత్త అల్లుడిలా, గంటన్నర సేపు వంచిన తల ఎత్తకుండా పనిచేసింది. అన్ని గళ్లలోనూ పచ్చని టిక్కులు పడ్డాయి. "లోపం కనబడలేదు" అని కాగితం మీద రాయబోతూ, "ఆగిపోయినప్పుడు తీసుకురండి సార్" అన్నాడు. ఆగిపోయిన దాన్ని తీసుకువచ్చే లోపల అది మళ్లీ లేస్తుందనీ, వేడెక్కితేనే ఆగుతుందనీ, మీ ఏసీలో అది ఈ జన్మకు వేడెక్కదనీ చెప్పి చూశాను. "అయితే వేడెక్కించి చూపించండి, నేను కిందికి వస్తాను" అని ఒక దండం పెట్టాడు.

ఈ ఊరికి రోజూ వేలాది మంది, తమ పనులేవీ చెడకుండా చూడమని మొక్కుకోవడానికి వస్తారు. మేడ మెట్లు దిగుతూ కొండ వైపు తిరిగి, చేతిలోని వస్తువు చెడిపోవాలని మొక్కుకున్నవాణ్ణి బహుశా నేను ఒక్కణ్ణే అయి ఉంటాను.

అప్పటికి సమయం పన్నెండు కావస్తోంది. చివరి మెట్టు మీద ఎండ పడే చోటు చూసుకుని కూర్చుని, గాలి బయటికి పోయే రంధ్రాలు మూసుకునేటట్టు తువ్వాలు మడిచి అడుగున పెట్టి, ల్యాప్‌టాప్‌ను మోకాళ్ల మీద తెరిచాను. ప్రాసెసర్ వేడి సుమారు 100 డిగ్రీలకు చేరితే అది ముందు తన వేగం తగ్గించుకుంటుందనీ, అప్పటికీ దారికి రాకపోతే తనను తాను కాపాడుకోవడానికి యంత్రం మొత్తాన్ని ఆపేస్తుందనీ బావమరిది చెప్పి ఉన్నాడు. ఆ వేడిని పెద్ద అంకెలలో చూపించే ఒక ప్రోగ్రాము కూడా అతనే వేసి ఇచ్చాడు. తెర మీద 81 కనబడుతోంది. చెవిలో కలం, పక్కన సంచి, సంచి మీద సర్వీసు కాగితాలు. ఈ వేషం దూరం నుంచి చూసేవాళ్లకు ఎలా కనబడుతుందో నాకు ఆ క్షణంలో తట్టలేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి కుర్రవాడు ఫోను చేసి ఆగిందా అని అడిగితే, "ఇంకా లేదు, అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది" అని గట్టిగా చెప్పాను. ఎదురుగా సామాన్లతో నిలబడి ఉన్న ఒక కుటుంబం ఆ మాట విన్నది. ఇంటి పెద్ద తన ఆధార్ జిరాక్సు తీసి భక్తిగా నా సంచి మీద పెట్టి, దాని మీద ఒక చెప్పు బరువుంచి, నా ముందు నిలబడ్డాడు. ఆధార్ చూపిస్తే ఉచిత దర్శనం టోకెన్లు ఇచ్చే కేంద్రాలు ఊళ్లో ఉన్నాయి గానీ, అవి మెట్ల మీద కూర్చుని తువ్వాలు వేసుకున్న మనిషి దగ్గర దొరకవని ఎవరైనా ఆయనకు చెప్పి ఉండవలసింది. నేను చెప్పవచ్చు కదా అంటారేమో. నేను 87ను చూస్తున్నాను.

తిరుపతిలో ఇద్దరు మనుషులు ఒకరి వెనుక ఒకరు నిలబడితే, మూడోవాడు ఎందుకని అడిగి నిలబడడు. నిలబడిన తరవాత అడుగుతాడు. తల ఎత్తి చూసేసరికి ఆ వరుస లాడ్జి మలుపు దాకా పోయింది. ఎవరో పెద్దాయన ఎవరూ అడగకుండానే బాధ్యత నెత్తిన వేసుకుని, ఆడవాళ్లను వేరే వరుసలో నిలబెడుతున్నాడు. కీరకాయల బండివాడు వచ్చి వరుస పక్కన ఆపుకున్నాడు. తమిళంలో అడిగిన ఒక అమ్మకు, నాకు వచ్చిన కాస్త తమిళంలో "కొంజం ఇరుంగ" అన్నాను; ఉండమని నేను చెప్పింది వివరించడానికి, ఆమెకు అర్థమైంది కూర్చోమని. ఆమె చాప పరిచింది.

అంకె 93 అయింది. ముందు వరుసలోని వాళ్లు నాతో పాటు తెరలోకి తొంగి చూస్తున్నారు. "తొంభై మూడు నడస్తా ఉండాది" అన్న వార్త వెనక్కి పాకింది. 96 కాగానే ఒకాయన, "మాది ఎంత సామీ?" అని అడిగాడు. ఇది టోకెన్ నంబరు కాదు, ప్రాసెసర్ వేడి అని చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి, "ఏదో ప్రాసెస్‌లో ఉండాదంట" అని అందరికీ తెలియజేశాడు. ఇంతలో కాస్త గాలి వీచి అంకె 98 నుంచి 95కు దిగింది. జనంలో కలవరం పుట్టింది. "ఏంది సామీ, వెనక్కి పోతా ఉండాది? సిఫారసు వాళ్లను లోపలికి పంపిస్తా ఉండారా?" అని ఒకామె నిలదీసింది. నా జీవితంలో ఎవరికీ సిఫారసు చేయగలిగిన స్థితి నాకు రాలేదనీ, ఆ గాలికి నేను బాధ్యుణ్ణి కాననీ చెప్పుకుందామంటే, నోరు తెరిచే లోపల అంకె మళ్లీ ఎగబాకడం మొదలుపెట్టింది. 97. 98. 99. అంత మందీ ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. ఆ వీధిలో అంత ఐకమత్యం నేను మునుపెన్నడూ చూడలేదు.

తెర నల్లబడింది.

"ఆగిపోయింది!" అని నేను సంతోషం పట్టలేక కేకవేసి, లేచి నిలబడి నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు దగ్గరే నేను చెడ్డాను. "సర్వర్ డౌనంట" అన్న మాట క్షణంలో లాడ్జి మలుపు దాటింది. చాప పరుచుకున్న అమ్మ తమిళంలో అన్నది మాత్రం నాకు పూర్తిగా అర్థమైంది. పెద్దాయన ముందుకు వచ్చి, "పిల్లాజెల్లా ఎండలో నిలబడి ఉంటే నవ్వొస్తా ఉండాదా నీకు?" అన్నాడు. ఆ గలాటాను నేను ఎలా దాటుకున్నానో నాకే స్పష్టంగా గుర్తు లేదు.

కుర్రవాడు దిగి వచ్చి, ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనడంతో చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ఇక నా పని నెరవేరిందనుకున్నాను. అతను తన ఫోను తీసి చూసి, "ఇక్కడ 41 ఉంది సార్. దీన్ని 35 డిగ్రీల లోపలే వాడాలని పుస్తకంలో ఉంది. అది తనను తాను కాపాడుకుంది. అది లోపం కాదు సార్, సదుపాయం" అన్నాడు. పైకి వెళ్లి పుస్తకంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి మరీ చూపించాడు. కాఫీ సంగతి ఎత్తే అవసరమే రాలేదు.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట 35 దాటని రోజు తిరుపతిలో దొరకడమే అరుదు. ఆ పుస్తకం ఏ చలిదేశం కోసం రాశారో గానీ, నిరుడు ఇదే ఎండల్లో, ఇదే ఊళ్లో నాకు దాన్ని అమ్మినప్పుడు ఎవరూ థర్మామీటరు తీసి చూడలేదు. వేసవిలో లెక్కలు రాసుకోవాలంటే కొండ మీద గది తీసుకోవాలని అప్పుడే చెప్పి ఉంటే, గది దొరికే అవకాశం ఎంతో ఆలోచించుకుని, ఒక చిట్టా పుస్తకం కొనుక్కుని ఉండేవాణ్ణి. కాగితం మీద "లోపం కనబడలేదు" అనే రాసి ఇచ్చారు. వారంటీకి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి కనుక మళ్లీ రావచ్చునని కూడా అన్నాడు, మర్యాదస్తుడు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ సంచి దులిపితే నాలుగు ఆధార్ జిరాక్సులు రాలాయి. పరాయి మనుషుల ఆధార్ ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదని ఆమె రాత్రంతా పోరడంతో, ఈ ఉదయం వాటిని పట్టుకుని స్టేషను దగ్గరికి వెళ్లి, కొండ దిగి వచ్చే వాళ్ల ముఖాలతో ఫొటోలు పోల్చడం మొదలుపెట్టాను. ఫొటోలో ఒత్తైన జుట్టు, బస్సు దిగే ప్రతి తలా గంధం పూసిన గుండు. ఎవరు ఎవరో తేల్చుకోలేక అరగంట సేపు అక్కడే తచ్చాడుతూ ఉంటే, వాళ్లలో ఒకాయన నన్నే గుర్తుపట్టి, దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసి అడిగాడు.

"సర్వర్ వచ్చిందా సామీ?"