ఇంత డబ్బు పెట్టి ప్లాస్టిక్కా?

పాలిమర్ ఫ్రేమ్ పిస్టల్, అంటే పిడి ఉండే కింది భాగం గట్టి ప్లాస్టిక్‌తో చేసింది, కొందామని చూస్తున్న మా నెల్లూరు జిల్లా పెద్దమనుషులందరికీ నా మనవి ఒకటే: తొందరపడొద్దు. తుపాకీ చెడ్డదని కాదు, చాలా మంచిది, చిక్కంతా అక్కడే ఉంది. దాన్ని చేసినవాళ్లు పాపం కాల్చడానికని చేశారు. మనం కొనేది అందుకా?

ఈ మాట అనే హక్కు నాకుంది, కొత్తగా ఒకటి కొన్నాను కాబట్టి. మన దేశంలో తయారైందే, పాయింట్ 32 తూటా వేసేది, ఫుల్ సైజు, నిలువెల్లా నలుపు, ధర లక్ష దాటింది. కంపెనీ పేరు చెప్పను. ఇంటికి తెచ్చి, తూటాలు పెట్టే మ్యాగజైన్ తీసి, ఖాళీదే అని రెండుసార్లు చూసుకుని బల్ల మీద పెడితే మా బావమరిది పైకెత్తి "ఏంది బావా, ఇంత తేలిగ్గా ఉండాది, లోపల సామాను వెయ్యలేదా?" అన్నాడు. మా మేనత్త గడప దగ్గర్నుంచే ఒక చూపు చూసి "దీపావళికి పిల్లోళ్లు కాల్చేది మాదిరి ఉందే అబ్బయ్యా, ఇంత డబ్బు పెట్టి ప్లాస్టిక్కా?" అని వంటింట్లోకి పోయింది. పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడు, తూటా పోయే బ్యారెలూ ఉక్కువే అత్తా, కింది భాగం ఒక్కటే పాలిమర్ అని ఎంత చెప్పినా ఆమెకి వినపడలేదు. సాయంత్రం వచ్చిన ఇంకో చుట్టం, ఇది ఎయిర్‌పోర్టు మిషన్లో కనపడదంట కదా అని గొంతు తగ్గించి అడిగాడు. ఉక్కు ఉంటే ఎందుకు కనపడదండీ? కానీ కాదనాలంటే మనసొప్పలేదు, అప్పటిదాకా ఆ పిస్టల్‌కి దక్కిన గౌరవం అదొక్కటే.

ఈ పాపమంతా యూరప్ వాళ్లది. 1970లో జర్మనీ వాళ్లు, హెక్లర్ అండ్ కోఖ్, వీపీ 70 అని మొదటి పాలిమర్ ఫ్రేమ్ పిస్టల్ తెచ్చారు, లోకం పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ఆస్ట్రియాలో గాస్టన్ గ్లాక్ అని ఒకాయన, కర్టెన్ రాడ్లు, సైన్యానికి కత్తులు చేసుకుంటూ బతికేవాడు, అంతకుముందు ఒక్క పిస్టల్ కూడా చేసినవాడు కాదు, 1980ల మొదట్లో గ్లాక్ 17 చేసి సైన్యం ముందు పెట్టాడు, వాళ్లు తీసుకున్నారు. తుప్పు పట్టకూడదు, బరువు తగ్గాలి, విడిభాగాలు తక్కువుండాలి, అవసరానికి నమ్మకంగా పేలాలి, ఇవే ఆయన ఆలోచనలు. నడుముకి పెట్టుకుని పెళ్లికి పోతే అవతలివాళ్లకి ఎట్టా తెలియాలి అని ఒక్క పూటన్నా కూర్చుని ఆలోచించాడా అంటే లేదు.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటి జిల్లాల వాళ్లకి ఇది అర్థం కాదు. జనంలోకి పోయేటప్పుడు పిస్టల్ దాని ఒరలో, అంటే హోల్‌స్టర్‌లోనే ఉండాలి, బయటికి తీసి ఊపకూడదు అని 2016 ఆయుధ నియమాలు చెప్తున్నాయి. పెళ్లిలో సరదాకి గాల్లోకి కాలిస్తే, ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. అంటే చూపించకూడదు, కాల్చకూడదు, కానీ ఉన్నట్టు పది మందికీ తెలియాలి. ఈ ముడి విప్పడానికి మన పెద్దలు ఎప్పుడో ఒక పద్ధతి కనిపెట్టారు. ఇనుప రివాల్వరు పెట్టుకున్న మనిషిని ఎప్పుడన్నా గమనించండి. బెల్టు ఒక పక్కకి జారుతుంటుంది. పది అడుగులకోసారి ఆగి, మోచేత్తో చొక్కా పక్కకి నెట్టి, ప్యాంటు పైకి లాక్కుంటాడు. కుర్చీలో కూర్చునేటప్పుడు "అబ్బా" అని ఒక మూలుగు, నడుము దగ్గర చిన్న సర్దుబాటు, పక్కనున్నోడి కళ్లు అటు తిరగడం, ఎవరూ ఒక్క మాట అనకుండానే కబురు అందరికీ అందిపోవడం. చట్టం ఎక్కడా తప్పలేదు చూశారా? పాలిమర్ వచ్చి ఇదంతా నాశనం చేసింది. బెల్టు జారదు, ప్యాంటు జారదు. నేను పెళ్లిలో పప్పన్నం దగ్గర్నుంచి పెరుగన్నం దాకా పిస్టల్ పెట్టుకునే తిని వచ్చాను, నడుము నొప్పా నీకు అని కూడా ఎవరూ అడగలేదు.

ఫుల్ సైజు కదా, చొక్కా కింద ఎత్తుగా కనపడదా అంటారేమో. కనపడుతుంది, అయితే పలకగా కనపడుతుంది. అది పెద్ద సైజు ఫోనో పవర్ బ్యాంకో అనుకుని, ట్రంకు రోడ్డులో ఒక కుర్రోడు ఛార్జింగ్ పెట్టుకుంటానన్నా అని నన్నే అడిగాడు.

ఇక బోరు, అంటే తూటా సైజు సంగతి. 9 ఎంఎం మనబోటివాళ్లకి నిషిద్ధం, మామూలు లైసెన్సుకి పిస్టల్ అంటే ఎక్కువమంది పాయింట్ 32తోనే సరిపెట్టుకుంటారు. ఈ తూటా 1899లో జాన్ బ్రౌనింగ్ చేసింది, చిన్న పిస్టళ్లకి పేరుపడింది. అంత చిన్న తూటాకి ఇంత పెద్ద ఒళ్లు తొడిగితే ఏమవుతుంది? కాల్చినప్పుడు చెయ్యి కదలదు. రేంజిలో నేర్పించే ఆయన దీన్ని గొప్పగా చెప్పాడు, "చూడండి సార్, ఎంత మెత్తగా ఉందో, గురి తప్పదు" అని. నిజమే, గురి తప్పలేదు. కానీ భుజం అదరకుండా, ముఖంలో ఏ మార్పూ రాకుండా కాల్చి వచ్చినోడి దగ్గర ఊళ్లో చెప్పుకోవడానికి కథేం మిగుల్తుంది?

మంచి గుణాలు కూడా చెప్పాలి కదా, లేకపోతే పక్షపాతం అంటారు. మే నెలలో మా ఎండకి కారులో అరగంట ఉంచిన ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, దీని పిడి కాలదు. పిడి చుట్టూ సన్నటి గరుకు పోశారు, చెమట చేతుల్లో కూడా జారదు. రొయ్యల గుంటల దగ్గర ఉప్పుగాలికి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల ఇనుమే ఏడాది తిరిగేసరికి పొరలు పొరలుగా రాలిపోతుంది, ఈ పాలిమర్‌కి ఆ బెడద లేదు. బ్యారెల్ కింద టార్చి తగిలించుకునే గాడి ఉంది, చూసి సంతోషపడ్డాను గానీ, గట్టు మీద చీకట్లో ఆ టార్చి వేసి చూడాలంటే తుపాకీ కూడా అటే తిప్పాలి, అటు పక్క ఉండేది మా కాపలా కుర్రోడే. మామూలు టార్చే తీసుకుపోతున్నా. ఇక సీరియల్ నంబరు. ప్లాస్టిక్ మీద చెక్కితే చెరిగిపోతుందని చిన్న ఉక్కు రేకు ఒకటి ఫ్రేమ్‌లో పొదిగి దాని మీద వేశారు, గోరంత కూడా ఉండదు. ఇప్పటిదాకా నా పిస్టల్‌లో ఎవరన్నా శ్రద్ధగా చూసిన భాగం ఆ రేకు ఒక్కటే. స్టేషన్లో కానిస్టేబుల్ కళ్లజోడు తుడుచుకుని, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఒక్కో అంకె పైకి చదివి లైసెన్సుతో సరిచూశాడు. మనసు నిండిపోయింది.

లైసెన్సు కథ వేరే. స్వర్ణాల చెరువులో రొట్టెల పండగకి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతిల్లు రొట్టె దొరుకుతాయి, లైసెన్సు రొట్టె ఇంకా మొదలవలేదు, మొదలైతే మా ఆక్వా వాళ్లే ముందు వరసలో ఉంటారు. కలెక్టరు గారికి ఫారం ఏ-1 దరఖాస్తు, దాని మీద పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్టు, తుపాకీ ఎట్టా పట్టుకోవాలో నేర్చుకున్నట్టు ఎస్-1 సర్టిఫికెట్టు, ఇవన్నీ తిరిగితే వస్తాయి. రానిది శత్రువు. "మీకు ఎవరి వల్ల ప్రాణభయం?" అని అడుగుతారు. మా మండలంలో ఒక ఆసామి ఇక్కడే ఇరుక్కున్నాడు. అందరితో మంచిగా ఉండేవాడు, అదే అతని ప్రారబ్ధం. ఎవరి వల్లా భయం లేదంటే ఫైలు కదలదు, ఫలానా వాడని రాస్తే వాడు కొత్తగా శత్రువవుతాడు. చివరికి గట్టు తగాదా ఉన్న పక్క గుంట రైతు దగ్గరికే పోయి "అన్నా, నీతో ప్రాణభయం ఉందని రాసుకుంటా, ఏం అనుకోవాకు" అన్నాడట. ఆయన నొచ్చుకోలేదు సరికదా పొంగిపోయాడు. ఇన్నేళ్లకి తనని చూసి భయపడే మనిషి ఒకడు దొరికాడని మండలమంతా చెప్పుకుని తిరిగాడు. ఇప్పుడు ఆయన కూడా అప్లై చేస్తున్నాడు. శత్రువు కింద ఎవరి పేరు రాస్తాడో వేరే చెప్పాలా?

ఇంత కష్టపడినా, ఒక చేదు నిజం ఉంది. మన దగ్గర సొంత తుపాకీ ఉన్నవాడు రెండో రకం. మొదటి రకం వాడికి టూ ప్లస్ టూ గన్‌మెన్లు ఉంటారు, తుపాకీ వాళ్లు మోస్తారు, జీతం ప్రభుత్వం ఇస్తుంది, ఆయన ఖాళీ చేతుల్తో కారు దిగుతాడు. గన్‌మెన్ రానోడే గన్ను కొనుక్కుంటాడు, ఈ సంగతి మా ఊళ్లో కాఫీ హోటలు సర్వరుకి కూడా తెలుసు. అందుకే కంపెనీల వాళ్లని అడిగేదేమంటే, మా ప్రాంతం కోసం వేరే మోడల్ చెయ్యండి. రెండు కిలోలు తగ్గకూడదు. పిడికి ఇత్తడి బిళ్లలు, ఎండకి తళుక్కుమనాలి. కూర్చున్నప్పుడు కుర్చీకి తగిలి "టంగ్" మనాలి. పేలకపోయినా సర్దుకుంటాం.

ఈ అన్యాయంలో నాకు కనపడిన వెలుగు ఎన్నికల కోడ్ ఒక్కటే. 2024లో మార్చి 16న కోడ్ వచ్చింది, పోలింగు మే 13న, లెక్కింపు జూన్ 4న. అటువంటప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమంటారు. ఆత్మరక్షణకని ఇచ్చిన తుపాకీని ఊళ్లో రాళ్లు, కర్రలు లేచే రోజుల్లోనే వెనక్కి తీసుకోవడం ఏం న్యాయం అని కొంతమంది గొణుక్కుంటారు. వాళ్లకి తెలివి లేదు. అప్పగిస్తే రసీదు ఇస్తారు కదా, దాని మీద పేరు, లైసెన్సు నంబరు, పిస్టల్ వివరం, స్టేషన్ ముద్ర అన్నీ ఉంటాయి. ఆ రసీదుని హోల్‌స్టర్‌లో పెట్టాలని ఏ రూలూ లేదు. జేబులోంచి తీసి టీ బంకు బల్ల మీద పరవొచ్చు, పెళ్లిలో చేతులు మార్చొచ్చు, ఫోటో తీసి గ్రూపులో పెట్టొచ్చు, "మనది స్టేషన్లో ఉండాదబ్బా, కోడ్ కదా" అని గట్టిగా అనొచ్చు. పంచాయతీ ఎన్నికలు ఎప్పుడో కనుక్కుందామని స్టేషన్‌కి పోతే, మీరు నామినేషన్ వేస్తున్నారా అని రైటరు అడిగాడు. లేదు సార్, రసీదు కోసం అన్నాను.