మా పడగ్గది గోడలో కాపురమున్న చెమ్మగారికి

మహారాజశ్రీ చెమ్మగారికి, హైదరాబాదు నుంచి గోడకు ఇవతలివైపు ఇల్లాలు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే చెయ్యి రావడం లేదు. మీరు కుశలంగా ఉన్న ఆరు నెలలూ మేం లేము.

సంక్రాంతికి రూపాయి బిళ్ళంత ఉన్నారు. ఉగాదికి చపాతీ అంతయ్యారు. బీరువా వెనక చేరి నా పెళ్ళిచీర అంచుకు బూజు పట్టించారు. ఒకరోజు మా అత్తగారికి మీలో వినాయకుడి తొండం కనిపించింది. కుంకుమ పెట్టబోయి, "గోడ వెచ్చగా ఉందే అమ్మాయ్" అన్నారు. భక్తి ముదిరిందనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను.

ముందు పెయింటర్‌ని పిలవడం మా బుద్ధితక్కువ. పెచ్చులు గీకి, పుట్టీ పెట్టి, వాటర్‌ప్రూఫ్ రంగు వేసి 6,500 తీసుకున్నాడు. పదేళ్ళు తిరిగి చూడక్కర్లేదన్నాడు. నలభై రోజులకే మీరు ఆ రంగుకు బొబ్బలు లేపారు, అంచున తెల్లగా ఉప్పు పూయించారు.

తరవాత వచ్చిన ప్లంబర్ గోడ మీద రెండుసార్లు తట్టి, తల పైకెత్తి, "పైవాళ్ళ బాత్రూమ్ మేడమ్" అన్నాడు. తల పైకెత్తినందుకు 500. నేనూ అదే వేగంతో మెట్లెక్కాను. పైఫ్లాట్ ఆవిడ "వాననీళ్ళేమోనండీ" అంది. ఏప్రిల్ ఎండల్లో! అసోసియేషన్ మీటింగ్ పెట్టించాను. సెక్రటరీగారు టీ తాగి, "మీరూ మీరూ సర్దుకోండి" అని తీర్మానించారు. చివరికి ఆవిడే తన ఖర్చుతో టైల్స్ సందులన్నీ గ్రౌటింగ్ చేయించుకుంది. మీరు అంగుళం తగ్గలేదు. లిఫ్టులో మా మాటలు మాత్రం ఆగిపోయాయి.

నిద్రపట్టని రాత్రుళ్ళు లెక్కలేసేదాన్ని. సెకనుకో చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు, నాలుగు లీటర్ల పైమాటే. నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో నడిచొచ్చిన కృష్ణమ్మను, తీరా బకెట్టుకు మూరెడు దూరంలో మీరు దారి మళ్ళించారు. నెలకు 20 వేల లీటర్ల నీళ్ళు ఉచితమనే పథకం 2021లో మొదలైనప్పుడు గోడలకూ వాటా ఉందనుకున్నారో ఏమో.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఓ ముసలి ప్లంబర్ పట్టాడు. వాల్వు కట్టేసి పైపుకు ప్రెషర్ పంపు బిగించాడు. చన్నీళ్ళ లైనులో పంపు మీటరు ముల్లు కదల్లేదు. వేణ్ణీళ్ళ లైనులో మేం చూస్తుండగానే దిగిపోయింది. గీజర్ దగ్గర, గోడ లోపల పైపు మలుపు తిరిగేచోట బిగించే ఎల్బోకు వెంట్రుకంత పగులు.

"ఈ గోడ ఎప్పుడూ వెచ్చగా అనిపించలేదామ్మా?" అని అడిగాడాయన.

అత్తగారు ఏమీ అనలేదు. కుంకుమభరిణె మూత పెట్టి నావైపు చూశారు.

ఎల్బో ఖరీదు 90 రూపాయలు. దాన్ని చేరడానికి నాలుగు టైల్స్ పగిలాయి. ఆ డిజైన్ రావడం మానేసి ఎనిమిదేళ్ళయిందని షాపతను చెప్పాడు. నాలుగే వేరే రంగువి వేస్తే కట్టుడుపళ్ళలా ఉంటాయని మావారు పట్టుబట్టారు. అందుకని గోడంతా కొత్త టైల్స్, సిమెంటు, కూలి, రబ్బిష్ మోసుకెళ్ళిన ఆటో, అన్నీ కలిపి 34,000 దాటాయి. పెయింటర్ మళ్ళీ రావాలి. గోడ పూర్తిగా ఆరాకే రమ్మన్నాం, ఈసారి కాస్త తెలివొచ్చింది.

ప్రస్తుతం మీ మకాం ఎక్కడో తెలీదు గనక పాత చిరునామాకే రాస్తున్నాను. డబ్బు సంగతి వదిలేయండి. పైఫ్లాట్ ఆవిడ ఉగాదికి బొబ్బట్లు పెట్టి పంపిన స్టీలు గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటారు అత్తగారు. అందులో ఏం పెట్టి ఆ మెట్లెక్కాలో తెలీక మూడు రోజులుగా వంటింటి గట్టు మీదే ఉంచాను.

ఇట్లు,
గోడకు ఇవతలి మనిషి