బావగారి బల్లకట్టు

కార్తీక పూర్ణిమనాడు ఒడిశా వారందరూ అరటి దొప్పలతో చిన్న పడవలు చేసి, దీపం పెట్టి నీటిలో వదులుతుంటారు. బరంపురంలో స్థిరపడిన మా బావగారికి, మనుషులు ఎక్కే పడవనే ఇంట్లో చేసి వదిలితే ఏం పోయిందన్న ఆలోచన ఉద్యోగ విరమణ తరువాత కలిగింది. ఇంగ్లండులో 1962లో జాక్ హోల్ట్, బారీ బక్‌నెల్ అనే ఇద్దరు రూపొందించిన మిర్రర్ పడవను అక్కడి గృహస్థులు ప్లైవుడ్ ముక్కల అంచులకు రంధ్రాలు పెట్టి, రాగి తీగతో కుట్టి, అతుకుల మీద రెసిన్ అనే జిగురు, ఫైబర్‌గ్లాస్ టేపు పట్టించి ఇళ్లలోనే వేలకొద్దీ తయారుచేశారని తెలిసిన మీదట ఆయనను ఆపడం మా అక్క తరం కాలేదు.

నిజం చెప్పాలంటే ఆయన పనిమంతుడే. దుకాణదారు ఎంత నచ్చజెప్పినా వినక, కళ్లజోడు సవరించుకుని ముద్ర చదివి మరీ నీటిని తట్టుకునే ఐఎస్ 710 రకం మెరైన్ ప్లైవుడ్‌నే కొన్నారు. హాల్లోని టేకు భోజనాల బల్ల మీద ఆ ముక్కలను విస్తరి కుట్టినట్టు కుట్టి, కటింగ్ ప్లేయర్‌తో తీగలు బిగిస్తుంటే చదునైన చెక్క పైకి లేచి పడవ ఆకారం దాల్చడం చూడముచ్చటగానే ఉంది.

చిక్కంతా రెసిన్‌తో వచ్చింది. గట్టిపడడానికి హార్డెనర్ కలపగానే అది లోలోపల వేడెక్కుతుంది. పళ్లెంలో పలచగా పరిస్తే ఆ వేడి పోతుంది గానీ, మే నెల ఎండల్లో మగ్గు నిండా కలిపితే పోయే దారి లేక పొగలు కక్కుతుంది. కక్కింది. మెత్తబడుతున్న మగ్గును అక్క పట్టకారుతో పెరట్లోకి విసిరేసింది. రెండోసారి పళ్లెంలోనే కలిపారు. అయితే తీగలు దూర్చిన రంధ్రాల గుండా రెసిన్ కిందికి కారుతుందని ముందుచూపుతో తెచ్చిన పాలిథీన్ షీటు, ఆ వేళకు డాబా మీద మాగాయ ముక్కల కింద ఉంది.

మర్నాడు నలుగురం పట్టి పడవను లేపితే బల్ల కూడా లేచింది.

సలహా కోసం గోపాల్‌పూర్ నుంచి పిలిపించిన ముసలి జాలరి చుట్టూ తిరిగి చూసి, "ఏటి బాబూ, పడవకి కాళ్లెట్టారేటి?" అన్నాడు. కుట్టు పడవల గొప్పతనాన్ని బావగారు వివరించబోతే, కెరటాల దెబ్బకు విరగకుండా సాగేందుకు మేకన్నది లేకుండా పలకలను కుట్టి కట్టే మసూలా పడవల సంగతి ఆయనే ఎదురు చెప్పాడు. "మా తాత కొబ్బరి తాడుతోటి కుట్టీవోడు. ఎప్పుడూ బల్లకి అంటుకోనేదు."

వడ్రంగి రంపం తీశాడు. "రంపం పెడితే పడవకే పెట్టాలి, బల్ల మా నాన్నగారు పర్లాకిమిడిలో చేయించి పంపింది" అని అక్క అడ్డు నిలిచింది. చివరకు, వేడి తగిలితే రెసిన్ మెత్తబడుతుంది కనుక, మేనకోడలి హెయిర్ డ్రయ్యరు పట్టుకుని, పుట్టీ పట్టే రేకును సందులోకి దూరుస్తూ, అంగుళం తరువాత అంగుళంగా సాయంత్రానికి రెంటినీ విడదీశాం. పడవ అడుగు చెక్క పైపొర మాత్రం అరచేతులంత ముక్కలుగా బల్ల మీదే ఉండిపోయింది.

బావగారి ముఖం వెలిగిపోయింది. "చూశావా, చెక్క చిరిగింది గానీ జిగురు వదల్లేదు. అతుకు సరిగ్గా కుదిరిందనడానికి అసలు పరీక్ష ఇదే!" అన్నారు.

"ఆ పరీక్షేదో పీట మీద పెట్టుకోకపోయారూ!" అంది అక్క.