ఆ మెసేజ్ నాకు మళ్ళీ పంపకండి

"తల్లిదండ్రులారా మేల్కొనండి!" అన్న మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పిల్లల్ని కొట్టడం గురించీ, పిల్లల మీద హింస జరిగితే ఫిర్యాదు చేయడం గురించీ పాయింట్లు పాయింట్లుగా భయపెట్టే మెసేజ్ అది. ముందు కాలనీ గ్రూపులో, తర్వాత మా పదో తరగతి బ్యాచ్‌లో, నిన్న పొద్దున్నే మా బావగారి నుంచి, దండం పెట్టే చేతుల బొమ్మతో సహా. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

మొదటి పాయింట్: "కొత్త చట్టం ప్రకారం పిల్లవాడికి ఒక్క దెబ్బ వేస్తే పదేళ్ళ జైలు." ఆ కొత్త చట్టం 2015 నాటిది, పేరు బాలల న్యాయ చట్టం. పిల్లల్ని చూసుకోవాల్సిన మనిషే వాళ్ళని హింసించినా, కావాలని గాలికొదిలేసినా 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ అని 75వ సెక్షన్ అంటుంది. పదేళ్ళ మాటా ఉంది, కాదనను. ఆ హింస వల్ల బిడ్డకు వైకల్యమో మానసిక రోగమో వచ్చినప్పుడు అక్కడిదాకా వెళ్తుంది.

మూడో పాయింట్: "కొత్త న్యాయ సంహిత తల్లిదండ్రులకు కొట్టే హక్కు ఇచ్చింది." ఒక్క దెబ్బకు పదేళ్ళు అన్నవాళ్ళే నాలుగు లైన్ల కింద హక్కు కూడా ఇచ్చేశారు! రాసినాయన మధ్యలో టీకి వెళ్ళొచ్చినట్టున్నాడు. పన్నెండేళ్ళలోపు బిడ్డ మేలు కోసం సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఇచ్చే పాత సెక్షనే అది. ఈ సంహితకి ముందున్న 1860 నాటి శిక్షాస్మృతిలో దానికిచ్చిన ఉదాహరణ, బిడ్డకు రాళ్ళ ఆపరేషన్ చేయించిన తండ్రి. దండనకు దీన్ని అడ్డం పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు గానీ, అట్లకాడ కాల్చి వాత పెట్టడం ఏ మేలు కిందికి వస్తుందో నాకైతే అర్థం కాదు.

రెండోది, మన ఇళ్ళల్లో పిల్లల మీద హింస అన్న మాటే "పాశ్చాత్య కుట్ర"ట. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది అమ్మానాన్నలే. వాళ్ళెవరూ లండన్‌లో లేరు.

ఇక నాలుగోది. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. "పక్కింటివాళ్ళ మీద ఫిర్యాదు చేసి, రుజువు కాకపోతే జైలుకి వెళ్ళేది మీరే. మనకెందుకు?" చట్టం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది. బిడ్డ మీద లైంగిక హింస జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. తెలిసీ చెప్పనివాళ్ళకే 6 నెలల దాకా జైలు, లేదా జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ ఏదీ ఉండదని అదే సెక్షన్‌లో రాసి ఉంది. శిక్ష ఉన్నది పరువు తీయడానికో డబ్బు గుంజడానికో కావాలని అబద్ధం చెప్పినవాళ్ళకి. విడాకుల గొడవల్లో అలాంటి కేసులు అసలే ఉండవని నేనూ అనను. కానీ రుజువు కాకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు. రుజువు చేయాల్సింది మీరు కాదు మహాప్రభో, మీరు చెప్తే చాలు!

ఆ పాయింట్ కిందే "కన్నతండ్రి అలా చేయడు" అని ఇంకో ముక్క. చేస్తాడని చట్టానికి తెలుసు. అందుకే రక్తసంబంధీకుడే అత్యాచారం చేస్తే దాన్ని ఇంకా పెద్ద నేరంగా విడిగా పెట్టింది. 2019 సవరణ తర్వాత కనీసం 20 ఏళ్ళు, చచ్చేదాకా జైలు, ఉరి కూడా.

కొట్టడం, తిండి పెట్టకపోవడం లాంటివి పోక్సో కిందికి రావు. వాటికి పిల్లల హెల్ప్‌లైన్ ఫోన్ నంబరు 1098 ఉంది, రాత్రీ పగలూ ఉచితం. జిల్లాలో బాలల సంక్షేమ కమిటీ ఉంది. "బిడ్డను లాక్కెళ్ళి హోమ్‌లో పడేస్తారు" అన్నది ఐదో భయం. హోమ్ చిట్టచివరి దారి అనే చట్టంలో ఉంది. హోములన్నీ బాగుంటాయని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఆరు: "నవ్వుతూ బడికొచ్చే పిల్లకి ఇంట్లో ఏ సమస్యా లేనట్టే." అందరికంటే ముందొచ్చి, లాంగ్ బెల్ కొట్టినా సంచి సర్దుకోని పిల్లలే నన్ను కలవరపెట్టేవాళ్ళు. బోర్డు తుడవడానికి చెయ్యెత్తితే ముందు బెంచీలో తల కాచుకునే పిల్లాడు. ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా. మోకాలి చిప్ప గీసుకుపోతే ఆట. వీపు మీద, తొడల మీద, చెవి వెనక కమిలితే ఆట కాదు. వైరు మడిచి కొడితే వాత ఉచ్చులాగా తేలుతుంది. ఎవరడిగినా అప్పజెప్పినట్టు ఒకే మాట, "మెట్ల మీద పడ్డా టీచర్". ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పేయమనడం లేదు, చూడమంటున్నాను.

ఏడో పాయింట్ మాత్రం నాకు గుచ్చుకుంది: "బెత్తంతో కొట్టే టీచర్లు మనకి నీతులు చెబుతారా?" నిజమే. 2009 విద్యాహక్కు చట్టం బళ్ళో కొట్టడాన్ని నిషేధించేదాకా నా టేబుల్ మీదా బెత్తం ఉండేది. "తోలు తీయండి టీచరమ్మా" అని ఒకాయన కొడుకుని అప్పగించి వెళ్ళాడు. ఓ రోజు ఆ పిల్లాడు కూడిక తప్పు చేస్తే వీపు మీద ఒక్కటి వేశాను. చొక్కా అప్పటికే వీపుకి అతుక్కుపోయి ఉందని తర్వాత చూశాను. ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో నాకు ఈ మెసేజ్ పంపినవాళ్ళెవరూ లేరు. "మనకెందుకు" అని నా అంతట నేనే అనుకున్నాను.