పెళ్లి విరిగిందని ఒప్పుకున్న జడ్జి విడాకులివ్వలేదు

ఇంగ్లండ్, వేల్స్‌లో 2022 ఏప్రిల్ 6 నుంచి విడాకులకు ఎవరి తప్పూ చూపించక్కర్లేదు. పెళ్లయి ఏడాది దాటితే, ‘మా కాపురం ఇక నిలబడదు’ అని ఒక్కరు రాసిచ్చినా చాలు. ఇద్దరూ కలిసీ అడగొచ్చు. ఇది పెళ్లికి పట్టిన చీడ అని గుండెలు బాదుకునేవాళ్లు ముందు ఓవెన్స్ కేసు చదవాలి.

1978లో పెళ్లయిన టినీ ఓవెన్స్ 2015లో భర్తను వదిలి వచ్చేశారు. అప్పట్లో అక్కడ అమల్లో ఉన్న 1973 చట్టం కింద వెంటనే విడాకులు కావాలంటే వ్యభిచారమో, భరించలేని ప్రవర్తనో చూపించాలి. లేదా ఎడబాటు. అవతలివాళ్లు ఒప్పుకుంటే రెండేళ్లు, లేకపోతే ఐదేళ్లు. ఆమె 27 సంఘటనలు ఏకరువు పెట్టారు. విమానాశ్రయం షాపులో బహుమతి కొనేచోట భర్త కసురుకోవడం అందులో ఒకటి. (మన ఇళ్లలో దీన్ని గొడవల లెక్కలోనే వేయరు, అది వేరే సంగతి.) కాపురం విరిగిపోయిన మాట నిజమే, కానీ ఈ ఆరోపణల్లో పస లేదు, విడాకులివ్వను అన్నారు జడ్జి. 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా, చట్టాన్ని మార్చాల్సింది పార్లమెంటే అంది. ఐదేళ్లు నిండేదాకా, అంటే 2020 వరకు, ఆమె ఆయన భార్యే.

తప్పు చూపించమనే చట్టం అబద్ధాలు రాయిస్తుంది. చిన్న చిరాకు పిటిషన్‌లోకి వచ్చేసరికి క్రూరత్వమవుతుంది. రేపు పిల్లల్ని ఎవరు చూసుకోవాలో కూర్చుని మాట్లాడుకోవాల్సిన ఇద్దరూ ఆ కాగితం చదివాక మొహాలు చూసుకోరు.

మోసపోయినవాళ్ల గోడు ఎక్కడ రాయాలి అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ విడాకుల కాగితం అందుకు చోటు కాదు. రాత్రికి రాత్రే తెగిపోతుందన్న భయమూ వద్దు. విడాకులకు అడ్డేమీ లేదని కోర్టు చెప్పే షరతు ఉత్తర్వుకు కనీసం 20 వారాలు, పెళ్లిని పూర్తిగా తెంచే తుది ఉత్తర్వుకు ఇంకో ఆరు.

ఇక మన సంగతి. తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగాయన అమెరికాలోని మిస్సోరిలో, కాపురం కోలుకోలేనంతగా విరిగిందన్న కారణంతో విడాకులు తెచ్చుకున్నాడు. యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లాడాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో మన సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం కావడం అందుకు ఒక కారణం. ఇక్కడ దిక్కులేకుండా మిగిలిన భార్యకు అది రక్షణే, కాదనను. కానీ ఆ కారణాన్ని చట్టంలో చేర్చమని మన లా కమిషన్ 1978లోనే సిఫారసు చేసింది. 2013లో రాజ్యసభ ఆమోదించిన బిల్లు లోక్‌సభలో మురిగిపోయింది. పూర్తి న్యాయం చేయడానికి రాజ్యాంగం ఇచ్చిన 142వ అధికరణం కింద సుప్రీంకోర్టు ఇప్పుడు ఈ కారణంతో విడాకులు ఇవ్వగలదు. జిల్లాలోని ఫ్యామిలీ కోర్టుకు మాత్రం ఆ అధికారం లేదు. అవతలివాళ్లు ఒప్పుకోకుండా లండన్‌లో తెచ్చుకున్న డిక్రీని నమ్మి హైదరాబాద్‌లో రెండో పెళ్లికి ముహూర్తం పెట్టుకునేవాళ్లు ముందు లాయరు దగ్గరికి వెళ్లాలి, ఆ తర్వాతే పంతులు దగ్గరికి.